వెనక మనిషి

మా ఆయన ఏ పనైనా ముందు పైకి చెప్పి, తర్వాత చేసేవాడు. "కుడి కాలు చెప్పులో పెడుతున్నా." "గ్లాసు ఎత్తుతున్నా." "ఉప్పు డబ్బా మూత తిప్పుతున్నా." పెళ్లయిన కొత్తలో నాకు నవ్వు ఆగేది కాదు. కొన్నాళ్లకు ఒళ్లు మండేది. ఆ తర్వాత అలవాటైపోయింది, రోడ్డు వారన ఇల్లున్నవాళ్లకు లారీల మోత అలవాటైనట్టు. వీధిలో అందరూ ఆయన్ని రేడియో అనేవారు.

అది యుద్ధంలో పట్టుకున్న అలవాటు. ఆయనా మా మరిదీ ఒకే దళంలో ఉండి, భూమిలో పాతిన మందుపాతరలు తీసేవారు. ఆ పనికి ఇద్దరు కావాలి. ముందు మనిషి బోర్లా పడుకుని పాతర మీద చేతులు పెడతాడు. చేయబోయే ప్రతి పనినీ, ఒక్కో మెట్టుగా, గట్టిగా చెబుతాడు. వెనక మనిషి పాతిక అంగల దూరంలో కూర్చుని దాన్ని పుస్తకంలో రాసి "రాశాను" అంటాడు. ఆ మాట వినబడ్డాకే ముందు మనిషి వేలు కదుపుతాడు. ముందు మనిషి పోతే, ఎన్నో మెట్టు దగ్గర పోయాడో పుస్తకంలో ఉంటుంది. తర్వాత వచ్చేవాడు జాగ్రత్తపడతాడు. మా వాళ్లలో అన్న ముందు, తమ్ముడు వెనక. అందుకే మరిదిని దళంలో గుమస్తా అని పిలిచేవారట.

యుద్ధం అయ్యాక ఇద్దరూ మా ఇంటి వెనక రేకుల షెడ్డులో మోటార్లకు వైరు చుట్టే పని పెట్టుకున్నారు. అన్న చుట్లు లెక్కపెడుతూ పైకి చెప్పేవాడు, తమ్ముడు రాసుకునేవాడు. మరిది పెళ్లి చేసుకోలేదు. పక్క వీధిలో ఒక గదిలో పడుకునేవాడు, తిండి మా ఇంట్లోనే. ఇరవై ఏడేళ్లు అలాగే గడిచాయి.

నిరుడు చలికాలం చివర్లో మా ఆయన చుట్టే మిషను మీదే ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు. "చుట్లు చెబుతూ చెబుతూ ఆగిపోయాడు వదినా. నేను పరిగెత్తాను" అని మరిది చెప్పాడు. నేను నమ్మాను. ఎందుకు నమ్మకూడదు?

ఆ రోజు నుంచి ఇంట్లో ఏ పనీ చెప్పి జరగడం లేదు. గ్లాసు దానంతటదే బల్ల మీదికి వచ్చినట్టుంటుంది. మరిది రోజంతా షెడ్డులో కూర్చుని, యుద్ధం నాటి పాత నోటు పుస్తకాలు ముందేసుకుని చదువుతుండేవాడు. ఏముంది వాటిలో అంటే, "అన్నీ అన్న మాటలే కదా" అన్నాడు ఒకసారి. టీ ఇస్తే గ్లాసు సాసరు మీద టకటకా కొట్టుకునేది. అంతగా వణికేవి చేతులు.

ఆయన పోయిన మూడు వారాలకు, ఒక పొద్దున పదిన్నరప్పుడు ఇది జరిగింది. బట్టలు ఆరేస్తున్నాను. మరిది షెడ్డులోంచి బయటికొచ్చి తలుపు మూశాడు. మామూలుగా దాన్ని కాలితో తన్ని మూస్తాడు. ఆ రోజు రెండు చేతులతో పట్టుకుని, నిద్రపోయిన పసిపిల్లను పక్కలో దించినంత మెల్లగా మూశాడు.

"వదినా, షెడ్డులోకి రాకు."

"ఏం, పాము దూరిందా?"

"అలాంటిదే."

"పామైతే నువ్వు ఈపాటికి వీధి చివర ఉండేవాడివి."

నవ్వలేదు. చేతిలో ఒక పాత పుస్తకం ఉంది. వేలు ఒక పేజీలో పెట్టి ఉంచాడు.

"అన్న బల్ల కింద చెక్కపెట్టెలో ఉన్నది ఏంటో నీకు తెలుసు కదా?"

తెలుసు. రంపపు పొట్టు మధ్య, బూటు పాలిష్ డబ్బా కంటే కాస్త పెద్దది, గుండ్రటిది. యుద్ధం ఆఖరి వారంలో మా ఆయన గుర్తుగా తెచ్చుకున్న పాతర. "దీని గుండె తీసేశాను, ఇప్పుడిది ఉత్త డబ్బా" అని చూపించాడు నాకు. నేను ఆ పెట్టె చుట్టూ ఊడ్చాను. దాని మీద సుత్తులు పెట్టుకునేవారు. మోటారులోంచి బేరింగు ఊడి రాకపోతే ఆ బల్ల మీదే పెట్టి బాదేవారు.

మరిది పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. "ఇది ఆ డబ్బా తీసిన రోజు పేజీ. ఈ రకానికి ఎనిమిది మెట్లు. ఎన్ని ఉన్నాయో చూడు."

నాలుగే ఉన్నాయి. కింద ఖాళీ.

"ఎనిమిదీ అయ్యాక అన్న 'అయిపోయింది' అంటాడు. నేను కింద గీత గీస్తాను. గీత ఉందా?"

"మర్చిపోయి ఉంటావు."

"ఏ పేజీలోనూ మర్చిపోలేదు వదినా. ఆ రోజు నాలుగో మెట్టు దగ్గర ఉండగా పక్క వరసలో ఒకడి కాలు పోయింది. అందరం అటు పోయాం. సాయంత్రం అన్న దీన్ని భోజనం క్యారియరులో పెట్టుకుని నవ్వుకుంటూ వచ్చాడు. 'మిగతాది నేను చూసుకున్నాలే' అన్నాడు. ఒక్కడే చేశాడట. వెనక నేను లేకుండా."

"చేశానన్నాడుగా మరి?"

"అన్నాడు."

"అయితే చేసినట్టేగా?"

"ఏమో."

ఆ 'ఏమో' వినగానే తడి బట్టల బకెట్ అంచు మీద కూర్చుండిపోయాను. "పోలీసులకు ఫోన్ చేద్దాం."

"వద్దు. సైన్యం సొత్తు ఎత్తుకొచ్చాడని రాస్తారు. పోయినవాడు జవాబు చెప్పుకోలేడు."

"పోయినవాణ్ణి ఏ జైల్లో పెడతారయ్యా?"

"పేరు ఉంటుంది కదా వదినా. నాలుగు మెట్లే మిగిలాయి. నేను తీస్తాను. నువ్వు వెనక కూర్చుని రాయి."

"ఈ చేతులతోనా?"

చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నువ్వు రాయకపోతే ఒక్కణ్ణే చేస్తా. అన్న చేసినట్టు."

అతని మొహం చూశాను. అందులో ఆ డబ్బా అంటే భయం లేదు. సంచి సర్దుకుని బస్సు కోసం నిలబడ్డవాడి మొహంలా ఉంది. అప్పుడు అర్థమైంది నాకు. అది ఖాళీ డబ్బా అని తేలాలని ఇతనికి లేదు. అన్న వెనకాల పోవడానికి దారి దొరికింది. ఇంట్లోంచి ఒకణ్ణి పంపి మూడు వారాలే అయింది, ఇప్పుడు రెండోవాణ్ణి నా చేత్తో రాయించి పంపాలి.

"సరే, రాస్తా" అన్నాను.

ఊరికే అనలేదు. నేను "రాశాను" అనేదాకా అతను వేలు కదపడు. అది ఎముకల్లో ఉన్న అలవాటు. నేను అక్షరాలు నేర్చుకుని నాలుగేళ్లే అయింది. నేను ఒక వాక్యం రాసేలోపు టీ కాగుతుంది. ఆ లోపు ఏదో ఒకటి తోచకపోతుందా అనుకున్నాను.

షెడ్డు తలుపు నుంచి మా గేటుకు పద్దెనిమిది అంగలే వచ్చాయి. పాతిక నిండాలని నన్ను గేటు బయట, వీధిలో ఇనప స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఎదురుగా రిటైరైన నర్సమ్మ ఇల్లు. పక్కన టైర్ల కొట్టు. ఎండ ఎక్కుతోంది. టైర్లవాడు ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు. లోకమంతా తన పనిలో తాను ఉంది.

"ఒకటి. పెట్టె మీది సుత్తులు తీస్తున్నా."

ఆ గొంతు అచ్చం మా ఆయనదే. ఇన్నేళ్లలో మరిది ఎప్పుడూ ముందు మనిషిగా మాట్లాడలేదు. మాట్లాడాలంటే అతనికి తెలిసిన గొంతు అదొక్కటే.

రాశాను. ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాను. "రాశాను" అని కేక వేశాను. లోపల సుత్తి నేల మీద పెట్టిన చప్పుడు కూడా రాలేదు.

"ఏమే, నడివీధిలో స్టూలు వేసుకుని పరీక్ష రాస్తున్నావా?" నర్సమ్మ ఎప్పుడొచ్చిందో నా నెత్తి మీద నిలబడింది.

"షెడ్డులో సామాను రాసుకుంటున్నాం అక్కా."

"లోపల సామాను రాయడానికి నువ్వు వీధిలో కూర్చోవడం దేనికి? మరిదితో మాటల్లేవా?"

"రెండు. పెట్టె మూత ఎత్తుతున్నా."

"మూత ఎత్తడం కూడా రాస్తారా? రేడియో పోయినా స్టేషను ఆగలేదే!" అని పకపకా నవ్వింది.

నేను పేజీ అడుగున రాసి పుస్తకం ఆవిడ వైపు తిప్పాను. షెడ్డులో బాంబు ఉంది. ఫోన్ చెయ్యి. అరవకు.

రెండుసార్లు చదివింది. ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో నెత్తురు చూసిన మనిషి. పెదాలు తెల్లబడ్డాయి. "నీ రాత నాకు సరిగ్గా తెలియడం లేదే" అంది చిన్నగా.

"తెలిసింది అక్కా నీకు."

నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్లింది. పోతూ పోతూ టైర్లవాణ్ణి చొక్కా పట్టుకుని లేపి, ఏమీ చెప్పకుండా వీధి చివరికి లాక్కుపోయింది. వాడు ట్యూబు చేత్తో పట్టుకునే పోయాడు, నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"రాశావా?" లోపల్నుంచి.

"పెన్సిలు ములుకు విరిగింది. చెక్కుతున్నా."

నిజంగానే విరిచాను. చెక్కాను. మళ్లీ విరిచాను. చివరికి చేతిలో పెన్సిలు వేలెడు మిగిలింది. "రాశాను" అనక తప్పలేదు.

మూడోది, కుంచెతో రంపపు పొట్టు పక్కకు తోయడం. నాలుగోది, డబ్బా పైన ఎడమ అరచెయ్యి ఆనించడం. ఒక్కోదానికీ ఏదో ఒక వంక పెట్టాను. కళ్లలో చెమట పడిందన్నాను, కాగితం చిరిగిందన్నాను. వీధి మొగదల వైపు చూస్తూనే ఉన్నాను. ఎవరూ రావడం లేదు.

"ఐదు" అన్నాడు. మళ్లీ గొంతు వచ్చింది, ఈసారి అది మా ఆయన గొంతు కాదు. "ఇది డబ్బా గురించి కాదు వదినా. అయినా రాయి."

"చెప్పు."

"ఆ రోజు అన్న నూట పద్నాలుగో చుట్టు అన్నాడు. నేను రాశాను అన్నాను. నూట పదిహేను రాలేదు."

నా పెన్సిలు ఆగింది.

"ముందు మనిషి గొంతు ఆగితే వెనక మనిషి లేవకూడదు. చుట్టూ ఇంకెన్ని పాతరలు ఉన్నాయో తెలీదు కదా. ఒకసారి పిలవాలి. మూడు వందలు లెక్కపెట్టాలి. ఆ తర్వాతే కదలాలి. నేను పిలిచాను. లెక్కపెట్టాను. మన షెడ్డులో, వదినా. మోటారుకు వైరు చుడుతున్న మనిషి వెనక, కుర్చీలో కూర్చుని, పెన్సిలు పట్టుకుని మూడు వందల దాకా లెక్కపెట్టాను. అన్న తల మిషను మీద వాలడం కనబడుతూనే ఉంది. రెండు వందల దగ్గర అన్న చెయ్యి జారింది. అయినా లెక్కపెట్టాను. తర్వాత పరిగెత్తాను. రాయి."

ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలూ నేను వంటింట్లో ఉన్నాను. ఒక్క గోడ అవతల. దాచి ఏం లాభం, ఆ క్షణాన ఆ స్టూలు ఎత్తి అతని నెత్తిన వేయాలనిపించింది. నా చెయ్యి స్టూలు కాలి మీదికి పోయింది కూడా. వెంటనే వేరే భయం వచ్చి ఆ కోపాన్ని మింగేసింది. మూడు వారాలు కడుపులో దాచుకున్నది ఇప్పుడు ఎందుకు చెప్పాడు? చెప్పవలసింది అయిపోయింది కనుక. ఇక అతనికి మిగిలింది ఆ డబ్బా ఒక్కటే.

"రాశావా?"

"రాయలేదు."

"రాయి వదినా."

"రాయను. రాశాను అని నా నోటి వెంట రాదు. రానిదే నువ్వు వేలు కదపవు. అలాగే పడుకో సాయంత్రం దాకా."

జవాబు లేదు.

"ఏయ్ గుమస్తా!"

జవాబు లేదు.

వాళ్ల పద్ధతి ప్రకారం నేను మూడు వందలు లెక్కపెట్టాలి. మూడు కూడా లెక్కపెట్టలేదు. స్టూలు వెనక్కి పడింది. గేటు తోసుకుని, తడి బట్టల కింద నుంచి దూరి, ఆ పద్దెనిమిది అంగలూ ఎలా నడిచానో నాకు తెలియదు. తలుపు తోసేటప్పుడు మాత్రం, ఇదే ఆఖరు చప్పుడేమో అనుకున్నాను.

సిమెంటు నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. వార్నీష్ వాసన. పెట్టె పక్కకు వాల్చి ఉంది. ఆకుపచ్చ డబ్బా నేల మీద ఉంది, దాని నడినెత్తి మీద అతని కుడి బొటనవేలు. మొహం నుంచి చెమట బొట్లు బొట్లుగా సిమెంటు మీద పడుతోంది.

"ఎందుకొచ్చావ్? ఇద్దరు ఉండకూడదు."

"నువ్వు పలకలేదు."

"నువ్వు రాయకుండానే తర్వాతి మెట్టు చేసేశాను వదినా. మొదటిసారి. బొటనవేలు కింద ఏదో కదిలింది. స్ప్రింగు. ఖాళీ డబ్బాలో స్ప్రింగు ఉండదు."

"వేలు తీస్తే?"

"తెలీదు. అన్నకు తెలుసు."

ఇందాకటి బస్సు మొహం ఇప్పుడు లేదు. కళ్లు పెద్దవై, పెదాలు ఎండిపోయి, చిన్నపిల్లాడిలా వణికిపోతున్నాడు. అతను భయపడుతున్నాడు. అది చూసి, అంత భయంలోనూ, నాకు కాస్త ఊపిరి ఆడింది. భయపడేవాడు వేలు తియ్యడు.

"వెనక్కి పో వదినా. నీ కాళ్లు పట్టుకుంటా."

"కాళ్లు పట్టుకోవాలంటే వేలు తియ్యాలి. తియ్యకు."

అతని పక్కనే నేల మీద కూలబడ్డాను. అతని మణికట్టు అదురుతోంది. దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. ఆ అదురు నా మోచేతుల దాకా వచ్చింది. కాసేపటికి ఎవరి చేతులు వణుకుతున్నాయో తెలియకుండా పోయింది.

"బొటనవేలు తిమ్మిరెక్కుతోంది."

"ఎక్కనీ. వస్తున్నారు. నర్సమ్మ ఫోన్ చేసింది."

"చెప్పేశావా?"

"చెప్పేశా. తర్వాత తిట్టుకో."

ఎండ రేకుల మీద టిక్కు టిక్కుమంటోంది. ప్రతి టిక్కుకూ ఇద్దరం బిగుసుకుపోయాం. బయట తీగ మీద బట్టలు గాలికి తపతపలాడితే అతని మణికట్టు ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"మీ అన్న పోయిన రోజు నర్సమ్మ ఏమందో తెలుసా?" అన్నాను. "ఆయన తల మిషను మీద వాలే ముందే పోయాడంది. పక్కనే డాక్టరు ఉన్నా చేసేదేమీ లేదంది."

"మీరిద్దరూ నా కోసం కట్టిన మాట అది."

"నువ్వు లెక్కపెట్టావని నాకు ఇవాళే తెలిసింది. మూడు వారాల కిందట నీ కోసం ఎందుకు కడతాం?"

అతని ముక్కు కొస నుంచి చెమట బొట్టు ఒకటి డబ్బా మీద పడబోతే నేను కొంగుతో తుడిచాను.

ఎంతసేపు గడిచిందో తర్వాత బాంబులు తీసేవాళ్లు చెబితే తెలిసింది, నలభై నిమిషాలు. గేటు దగ్గర ఒక గొంతు వినిపించింది. "లోపల ఎంతమంది?"

"ఇద్దరం" అన్నాను.

మందపాటి కవచం తొడుక్కున్న మనిషి ఒకడు పాకుతూ వచ్చాడు. మొహం అద్దం వెనక ఉంది. కుర్రవాడు కాదు, అది చూసి ధైర్యం వచ్చింది. "అమ్మా, మీరు బయటికి వెళ్లండి" అన్నాడు.

"మీ వేలు పెట్టాక వెళ్తా."

"నా వేలు జారితే మీరు ఉండరు."

"ఇతని వేలు జారినా ఉండను. ఇంతసేపూ ఉన్నాగా."

ఆయన మరిది బొటనవేలి మీద తన బొటనవేలు పెట్టి, కిందికి జరుపుతూ, ఒక సన్నటి రేకును సందులోకి దూర్చాడు. మరిది వేలు బయటికి వచ్చింది. కట్టెలా బిగుసుకుపోయి, మడవడానికి రాలేదు. అతను లేవలేకపోయాడు. ఇద్దరు వచ్చి చంకల కింద చేతులు వేసి ఈడ్చుకుపోయారు.

దాన్ని ఇసుక పెట్టెలో పెట్టి, ఊరి బయట రాళ్ల క్వారీకి తీసుకుపోయారు. మధ్యాహ్నం మూడింటికి శబ్దం వచ్చింది. నర్సమ్మ ఇంటి కిటికీ అద్దాలు గలగలలాడాయి.

అది ఉత్త డబ్బా కాదు. ఇరవై ఏడేళ్లు దాని నెత్తిన సుత్తితో బాదారు. నేను దాని చుట్టూ ఊడ్చాను. మా ఆయన మిగతా మెట్లు చెయ్యలేదా, చేశాననుకున్నాడా, తెలిసే దగ్గర పెట్టుకున్నాడా, ఇక చెప్పేవాళ్లు లేరు. ప్రతి చిన్న పనీ పైకి చెప్పిన మనిషి ఇదొక్కటీ చెప్పలేదు. ఆ రాత్రి ఆయన ఫొటోను గోడ వైపు తిప్పి పెట్టాను. పొద్దున మళ్లీ తిప్పుకున్నాను.

"దీన్ని ఇంటికి తెచ్చిందెవరు?" అని పోలీసాయన అడిగాడు.

"నేనే" అన్నాడు మరిది.

"కాదు, మా ఆయన. అలాగే రాసుకోండి" అన్నాను.

మరిది నా వైపు చూశాడు. కోపంగా చూశాడో, ఇంకెలా చూశాడో నాకు అంతుపట్టలేదు.

ఇప్పుడతను మా ముందు గదిలోనే ఉంటున్నాడు. పక్క వీధి గది ఖాళీ చేయించాను. పొద్దున్నే షెడ్డు తెరుస్తాడు, మోటార్లు వస్తున్నాయి, పని చేస్తున్నాడు. చేతులు వణకడం తగ్గింది. నర్సమ్మ వచ్చి, "మనిషి బాగానే తేరుకున్నాడే" అంటుంది. నేను అవునంటాను.

నిన్న మధ్యాహ్నం షెడ్డులో మిషను చప్పుడు ఆగింది. "ఏం చేస్తున్నావ్?" అని కేక వేశాను. పలకలేదు. చేతిలో గిన్నె వదిలేసి పరిగెత్తాను. తలుపు తోసేసరికి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఏమీ కాలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని తలుపు వైపే చూస్తున్నాడు.

"వినబడలేదా?" అన్నాను రొప్పుతూ.

"వినబడింది."

"మరి పలకవేం?"

"నువ్వు ఎంతసేపటికి వస్తావో చూద్దామని."

గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"తొమ్మిది లెక్కపెట్టేసరికి వచ్చావు వదినా" అన్నాడు. అని మిషను వైపు తిరిగాడు.

ఇవాళ పొద్దుట్నుంచీ అంట్లు తోముతూ, నిమిషానికోసారి కుళాయి కట్టేసి వింటున్నాను.